వద్దు అన్న తర్వాత చెప్పాల్సిన మాట



విషం మింగిన మనిషి పక్కన నిలబడి ఫోన్ చేసేవాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. ఒక చేతిలో ఫోనుంటే రెండో చేతిలో ఉప్పునీళ్ళ చెంబు ఉంటుంది. లేదంటే చింతపండు పిసుకుతూ ఉంటారు, కోడిగుడ్డు పగలగొడుతూ ఉంటారు. ఇంట్లో ఇంకొకరు గొంతులో వేలు పెట్టి కక్కించే ప్రయత్నంలో ఉంటారు. అవతలి గొంతు "అవేవీ చేయకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అంటుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. అయినా ఫోన్ పెట్టేసిన మరుక్షణం ఆ చెంబు రోగి నోటి దగ్గరికే వెళుతుంది. ఎందుకు వెళుతుంది, ఎలా ఆపాలి అన్నదే ఈ సాయంత్రం మీ ముందు పెట్టదలచిన విషయం. కంగారులో ఉన్న మనిషికి 'వద్దు' అన్న మాట పాటించడం చాలా కష్టం. 'ఇది చెయ్యి' అన్న మాట పాటించడం తేలిక. విషాల గురించి ఫోన్‌లో సలహా చెప్పేవాళ్ళ నేర్పంతా ఆ రెండో మాటను క్షణాల్లో వెతికి చేతికందించడంలో ఉందని నా నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారాలేమిటో, దానికి వచ్చే అభ్యంతరాలేమిటో చెబుతాను.

ఈ పని ప్రపంచానికి కొత్త కాదు. ఏ ఇంటి సామానులో ఏ రసాయనం ఉందో ఒకచోట రాసిపెట్టుకుని, అడిగినవారికి చెప్పే మొదటి కేంద్రం 1953లో షికాగోలో మొదలైంది. బ్రిటన్‌లో అలాంటి సేవ 1963లో వచ్చింది. మన దేశానికి 1995లో ఢిల్లీ ఎయిమ్స్ ఫార్మకాలజీ విభాగంలో జాతీయ విష సమాచార కేంద్రం ఏర్పడింది. 1800 116 117 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. అహ్మదాబాద్, చెన్నై, కొచ్చిల్లోనూ ఇలాంటి కేంద్రాలు పనిచేశాయి. 2024 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని జాతీయ ప్రణాళిక ప్రకటించినప్పుడు 15400 అనే పాముకాటు సహాయవాణిని మొదట ఐదు చోట్ల తెచ్చింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సంగతి ఇంటింటికీ తెలుసు. నంబర్లకు కొదవ లేదు. ఆ నంబరులో పలికిన మాట ఈ చివర హిందూపురం వీధిలోనో, పెనుకొండ కొండ కింది పల్లెలోనో, ధర్మవరం మగ్గం గుంట పక్కనో పని జరిపిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఫోన్‌ను ఊహించుకుందాం. ధర్మవరంలో పట్టునూలు అద్దే ఇల్లు. పట్టుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఆసిడ్ కలపాలి. డబ్బాలో తెచ్చిన ఆసిడ్‌ను వాడుక కోసం తాగునీళ్ళ సీసాలోకి వంచుకుని గోడవార పెట్టుకుంటారు. నాలుగేళ్ళ పాప దాహమై ఆ సీసా ఎత్తింది. తల్లి ఫోన్ చేసింది: "సార్, మా పాప ఆసిడ్ తాగింది సార్. ఉప్పునీళ్ళు తాపిస్తాండాం, కక్కితే పోతాదంట." ఇక్కడ రెండు రకాల జవాబులున్నాయి. మొదటిది: "ఉప్పునీళ్ళు తాగించకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి." రెండోది: "అమ్మా, మంచిపని చేశారు ఫోన్ చేసి. పాప ఏడుస్తోందా? ఏడుస్తోందంటే ఊపిరి ఆడుతోంది. ఆ చెంబు కింద పెట్టి పాపను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకోండి. తడిగుడ్డతో పెదాలు, నోరు తుడవండి. కక్కితే ఆసిడ్ వచ్చిన దారినే మళ్ళీ కాల్చుకుంటూ వస్తుంది, అందుకని కక్కించొద్దు. ఇంట్లో ఇంకెవరున్నారు? వాళ్ళను 108కి ఫోన్ చేయమనండి. ఆ సీసా మూత బిగించి సంచీలో వేసుకోండి, డాక్టరుకు చూపించాలి." రెండో జవాబులోనూ 'వద్దు' ఉంది. కానీ అది పనులు అప్పగించాకే వచ్చింది. అప్పటికే తల్లి రెండు చేతులకూ పని దొరికింది. ఒక చేయి పాపను పట్టుకుంది, ఇంకో చేతిలో తడిగుడ్డ ఉంది. చెంబు పట్టుకోవడానికి చేయి లేదు. అర నిమిషం ఎక్కువ పట్టిన ఈ జవాబులో వైద్యం ఎంతుందో, మనిషి స్వభావం తెలిసిన తెలివీ అంతే ఉంది.

సలహా పాటించని మనిషిని మొండివాడనో, అమాయకుడనో తేల్చేయడం మనకు అలవాటు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో లీ ఎలింగ్టన్ బృందం విష సమాచార కేంద్రాలకు వచ్చిన ఫోన్ల రికార్డింగులు తీసుకుని, ఏ మాట సమాచారం, ఏ మాట ప్రశ్న, ఏ మాట ఓదార్పు అని విడదీసి పరిశీలించింది. ఆ పని నాకు విలువైనదిగా కనబడటానికి కారణం, సలహా పాటించడమన్నది ఫోన్ చేసినవాళ్ళ గుణం మీదే కాకుండా సంభాషణ గుణం మీద కూడా ఆధారపడుతుందేమోనని అది అడగడమే. ఆ ప్రశ్నను ఒప్పుకున్నామంటే బాధ్యత సగం ఇటువైపు, అంటే సలహా చెప్పేవాళ్ళ వైపు వచ్చి పడుతుంది. పడాలి కూడా.

మనవాళ్ళు గట్టిగా గదిమితే తప్ప వినరని చాలామంది అంటారు. "ప్రాణం పోతుంది" అంటే పరుగెత్తుతారట. భయం పనిచేస్తుందా లేదా అన్నది 1965లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ లెవెంతాల్, ఆయన సహచరులు పరీక్షించారు. విద్యార్థులకు ధనుర్వాతం గురించి రాసిన కరపత్రాలు ఇచ్చారు, కొన్ని ఒళ్ళు జలదరించేలా, కొన్ని మామూలుగా. భయపడ్డవాళ్ళు టీకా మంచిదని గట్టిగా ఒప్పుకున్నారు, అంతే. టీకా వేయించుకోవడానికి కదిలినవాళ్ళు వేరే. ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో గుర్తు పెట్టిన మ్యాపు ఇచ్చి, ఏ రోజు ఏ వేళకు వెళతారో అనుకోమన్నవాళ్ళలో 28 శాతం వెళ్ళారు. ఆ మ్యాపు లేనివాళ్ళలో వెళ్ళింది 3 శాతం. ఆ చదువుకున్న కుర్రాళ్ళకు ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో తెలియక కాదు. దారి చూపించిన మాట కాళ్ళలోకి దిగుతుంది. మడకశిర వైపు పల్లెలో అర్ధరాత్రి కంగారు పడుతున్న ఇంటికి ఈ సంగతి ఇంకెంత వర్తిస్తుందో ఆలోచించండి. "పెద్దాసుపత్రికి వెళ్ళండి" అంటే సరిపోదు. హిందూపురమా, అనంతపురమా, సరిహద్దు దాటి బెంగళూరా? ఆటోలోనా, 108 కోసం ఆగాలా? ఎవరు వెంట వెళ్ళాలి, ఇంట్లో చిన్నపిల్లల దగ్గర ఎవరుండాలి? వీటికి జవాబు దొరికేదాకా ఇల్లు గడప దాటదు. ఆ జవాబులు వెతకడంలో సాయపడటం ఫోన్‌లో ఉన్నవాళ్ళ పనిలో భాగమే.

పాముకాటు దగ్గరికి వద్దాం. మన మూడు ఊళ్ళ చుట్టూ చెనిక్కాయ చేలల్లో, మల్బరీ తోటల్లో, రాళ్ళ గట్లలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దేశంలో 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో పాముకాటుతో పన్నెండు లక్షల మంది, అంటే ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అయినా కాటు పడిన మనిషిని ముందు మంత్రం వేసేవాడి దగ్గరికి తీసుకెళతారు. వేపాకు నమిలించి చేదు తెలుస్తోందా అని అడుగుతారు, మిరపకాయ కొరికించి కారం తెలుస్తోందా అని చూస్తారు. కట్టు బిగిస్తారు, గాటు పెడతారు, పసరు పోస్తారు. ఇదంతా మూఢత్వమని కొట్టిపారేయడం తేలిక. నేను ఇంకో వైపు నుంచి చూడమంటాను. మంత్రం ఇన్నాళ్ళు బతకడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి లెక్క. పాముకాట్లలో దాదాపు 70 శాతం విషం లేని పాములవేనని, విషప్పాము కరిచినా దాదాపు సగం సార్లు ఒంట్లోకి విషం ఎక్కదని మన దేశపు చికిత్సా మార్గదర్శకాలే చెబుతాయి. అంటే ఏ మంత్రమూ వేయకపోయినా చాలామంది బతుకుతారు, ఆ బతికినవాళ్ళంతా మంత్రం ఖాతాలో పడతారు. రెండో కారణం మంత్రగాడి తీరు. అతను రోగిని కూర్చోబెడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు, ఏం కాదంటాడు, వచ్చిన ప్రతివాడికీ ఏదో ఒక పని అప్పగిస్తాడు, లేచి వెళ్ళిపోకుండా పక్కనే ఉంటాడు. ఒకప్పుడు నెల్లూరు వైపు ఒక రైల్వే స్టేషన్ మాస్టరుకు తంతి కొడితే అక్కణ్ణుంచే పాము మంత్రం వేస్తాడని తెలుగునాట గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకంలో వైద్యం లేదు. కానీ దూరాన్నుంచి వచ్చే ఒక మాట కోసం, ధైర్యం కోసం జనం ఎంతగా ఎదురుచూశారో అందులో కనబడుతుంది. 15400 వెనక కూర్చున్నవాళ్ళు మంత్రం నేర్చుకోనక్కర్లేదు, ఆ ఓపిక మాత్రం నేర్చుకోవాలి.

ఆ ఓపిక ఎలా ఉంటుందో చెబుతాను. "కట్టు కట్టొద్దు" అనే బదులు "కాలు కదలకుండా పలకచెక్కతోనో గొడుగు కర్రతోనో వదులుగా చుట్టండి, ఉంగరం, మెట్టెలు తీసేయండి, వాపు వస్తే బిగుసుకుంటాయి" అనాలి. "పామును వెతకొద్దు" అనే బదులు "మీరు రోగి పక్కనే ఉండి, ఎన్ని గంటలకు కరిచిందో, రెప్పలు ఎప్పుడు వాలడం మొదలైందో గుర్తు పెట్టుకోండి, డాక్టరు అడుగుతాడు" అనాలి. ఆసుపత్రిలో ఏం జరుగుతుందో కూడా ముందే చెప్పాలి. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. డాక్టరు కొంచెం రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా పెడతాడు. గడ్డకట్టిందా లేదా చూస్తాడు. రక్తపింజరి విషమైతే గడ్డకట్టదు. ఆ ఇరవై నిమిషాలు బయట నిలబడ్డ బంధువులకు ఎవరూ ఏమీ చేయనట్టు కనబడుతుంది. "ఇక్కడ పట్టించుకోవడం లేదు, పోదాం పదండి" అని రోగిని లేపుకుని వెళ్ళిపోయేది సరిగ్గా ఆ వేళే. అలాగే కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. రోగి బాగానే మాట్లాడుతుంటాడు, గంటలు గడిచాక రెప్పలు వాలతాయి. అందుకే ఒక రోజంతా ఆసుపత్రిలో ఉంచి చూడాలంటారు. ఫోన్‌లో ఉన్నవాళ్ళు "అక్కడ మిమ్మల్ని కూర్చోబెట్టి ఆగమంటే అదీ వైద్యమే" అని ఒక్క మాట ముందే అంటే ఆ ఎదురుచూపు భరించదగినదవుతుంది.

ఇంతకంటే బరువైన సంగతి సిగ్గు, భయం. పురుగుమందు తాగిన ఫోన్లలో చాలాసార్లు "పొరపాటున తాగింది" అన్న మాటే వినబడుతుంది. అసలు సంగతి చెబితే పోలీసు కేసవుతుందని, ఊళ్ళో పరువు పోతుందని, ఆడపిల్ల పెళ్ళి చెడుతుందని దాచిపెడతారు. దాస్తే ఎంత తాగిందో, ఎప్పుడు తాగిందో తెలియదు, చికిత్స ఆలస్యమవుతుంది. ఇక్కడ ఫోన్ ఎత్తినవాళ్ళకు కొంచెం చట్టం తెలిసి ఉండటం వైద్యం తెలిసి ఉండటమంత అవసరం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, విచారించి శిక్షించకూడదు. ఆసుపత్రి కేసు నమోదు చేసినా ముందు చికిత్స చేయాల్సిందేనని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి "నిజం చెప్పండి" అని ఒత్తిడి చేసే బదులు "ఎందుకు జరిగిందో నాకు చెప్పక్కర్లేదమ్మా, సీసాలో ఎంత మిగిలిందో చెప్పండి చాలు" అంటే తల్లి గొంతు విప్పుతుంది. ప్రశ్న మనిషి మీంచి సీసా మీదికి జరిగింది. మనసు గాయపడినవాళ్ళ కోసం 2022 అక్టోబరు నుంచి 14416 అనే టెలి మానస్ నంబరు ఉంది. ప్రాణం గట్టెక్కాక ఆ నంబరును ఇంటివాళ్ళ చేతికివ్వడం కూడా ఈ సలహాలో భాగమే కావాలి.

భాష సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకంగా చెప్పాలి. హిందూపురంలో ఒకే వీధిలో తెలుగు, కన్నడం, ఉర్దూ వినబడతాయి. కంగారులో మనిషి తల్లిభాషలోనే ఆలోచిస్తాడు. ఢిల్లీ నుంచి హిందీలో వచ్చే సరైన సలహా కంటే హిందూపురం యాసలో వచ్చే సగం సలహా ఎక్కువ పనిచేసే ప్రమాదం ఉంది. అందుకే సరైన సలహానే ఈ యాసలోకి తేవాలి. చదువు రానివాళ్ళతో మాట్లాడటానికి ఒక చక్కని సాధనం మన చేతిలోనే ఉంది. పురుగుమందు సీసా మీద మొన మీద నిలబెట్టిన చదరం ఒకటి చట్ట ప్రకారం ముద్రించాలి. దాని కింది సగంలో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చల్లో ఒక రంగు ఉంటుంది, మందు ఎంత విషమో దాన్నిబట్టి. మందు పేరు చదవలేని రైతు కూడా "ఎర్రగుంది సార్" అని చెప్పగలడు. ఆకుపచ్చగా ఉంటే ప్రమాదం లేదని కాదు, ఆ మాట ఫోన్‌లో ఉన్నవాళ్ళు స్పష్టంగా చెప్పాలి. కానీ ఆ ప్రశ్న అడగడంతో రైతు సీసాను చేతిలోకి తీసుకుంటాడు, దాన్ని వెంట తీసుకెళతాడు. పేరు తెలిస్తే డాక్టరు పని సగం తేలికవుతుంది.

చెప్పినదంతా గుర్తుంటుందా? రోగులు డాక్టరు చెప్పిన దాంట్లో 40 నుంచి 80 శాతం దాకా అప్పటికప్పుడే మరిచిపోతారని రాయ్ కెసెల్స్ 2003లో అంతవరకూ జరిగిన పరిశోధనలను సమీక్షిస్తూ రాశాడు. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో డీన్ షిలింగర్ బృందం మధుమేహ రోగులతో డాక్టర్ల సంభాషణలను రికార్డు చేసి చూసింది. డాక్టర్లు చెప్పిన 124 కొత్త విషయాల్లో 15 సార్లే "ఏం అర్థమైందో చెప్పండి" అని తిరిగి అడిగారు. అలా అడిగించుకున్న రోగుల చక్కెర మెరుగ్గా అదుపులో ఉంది. కుర్చీలో ఎదురుగా కూర్చున్న రోగితోనే ఇలా ఉంటే అర్ధరాత్రి ఫోన్‌లో ఎలా ఉంటుంది? "అర్థమైందా?" అని అడిగితే మనవాళ్ళు "ఆఁ సార్" అంటారు, అది మర్యాద. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఇప్పుడు మీరేం చేస్తారో ఒకసారి చెప్పండమ్మా" అంటే అసలు సంగతి బయటపడుతుంది. పరీక్ష పెట్టింది ఆమెకు కాదు, తనకే. ఆ మర్యాద మన భాషలో సులువుగా ఇముడుతుంది.

ఇక అభ్యంతరాలు. ఇంత మాట్లాడే తీరిక ఎక్కడిదంటారు. ఊపిరి, స్పృహ మొదటి ప్రశ్నలోనే తేలిపోతాయి. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి 108 మాత్రమే. నేను చెప్పిన మాటలు ఆ మొదటి నిమిషం తర్వాతివి, వాటికి పట్టేది ఇంకో నిమిషం. రెండో అభ్యంతరం మరీ గట్టిది: వైద్యులే మాట మారుస్తుంటే జనం ఎలా నమ్ముతారు? నిజమే. ఒకప్పుడు అమెరికాలో పిల్లలున్న ప్రతి ఇంట్లో కక్కించే మందు, ఇపెకాక్ సిరప్, ఉంచుకోమనేవారు. 2003లో అక్కడి పిల్లల వైద్యుల సంఘమే అది ఇళ్ళలో వాడొద్దని చెప్పింది. మన ఉప్పునీళ్ళ చెంబుకూ ఆ సిరప్‌కూ వెనక ఉన్న నమ్మకం ఒకటే. కాబట్టి చెంబు పట్టుకున్న తల్లిని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. "మేమూ ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్ళం, తర్వాత దాంతో నష్టమే ఎక్కువని తెలిసింది" అంటే ఆమె పరువు నిలబడుతుంది, మాటా నిలబడుతుంది. కిరోసిన్ తాగిన బిడ్డను కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుందన్న కారణం కూడా చెబితే, ఆమె దాన్ని పక్కింటికీ చెబుతుంది.

అందరినీ ఆసుపత్రికే పంపేస్తే పోలేదా అని మూడో ప్రశ్న. పురుగుమందుకీ పాముకాటుకీ ఆసిడ్‌కీ ఆసుపత్రి తప్ప వేరే దారి లేదు. కానీ బిడ్డ సుద్దముక్క నాకిందని ఫోన్ చేసిన కూలి మనిషిని కూడా యాభై కిలోమీటర్లు పరుగెత్తిస్తే రోజు కూలీ పోతుంది, ఆటో డబ్బు పోతుంది, అక్కడ "ఏం కాలేదు" అని పంపేస్తారు. ఆ ఇల్లు రెండోసారి ఫోన్ చేయదు. ఆ రెండోసారి అడవి ఆముదం గింజలు తిన్నరోజు కావచ్చు. ఇంట్లోనే ఉండొచ్చని చెప్పగలిగిన ధైర్యమే, వెళ్ళమన్నప్పుడు వెళ్ళేలా చేస్తుంది. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు సంగతీ అంతే. అతన్ని తిట్టి పక్కకు నెట్టేస్తే సెలైన్ ఎక్కిస్తూ రెండు గంటలు గడిపేస్తాడు. "మందు పడిన బట్టలు విప్పించి ఒళ్ళు సబ్బునీళ్ళతో కడిగించండి, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మీరూ వెంట వెళ్ళండి" అని పని అప్పగిస్తే అదే మనిషి తోడవుతాడు. ఆశా కార్యకర్త, పురుగుమందుల అంగడి యజమాని, పట్టుపురుగుల షెడ్డుకు బ్లీచింగ్, ఫార్మలిన్ అమ్మేవాళ్ళు, ధర్మవరంలో రంగులు అమ్మే అంగళ్ళవాళ్ళు కూడా ఈ వరసలోకి వస్తారు. ఆసిడ్ అమ్మే చోట తాగునీళ్ళ సీసాలో పోసివ్వననే ఒక్క నియమం ఆ తల్లికి ఫోన్ చేసే అవసరమే రాకుండా చేస్తుంది.

చివరగా, తిరిగి ఫోన్ చేయడం. విష సమాచార కేంద్రాల్లో బాగా పనిచేసేవి సలహా చెప్పి ఊరుకోవు. గంటకో రెండు గంటలకో తామే ఫోన్ చేస్తాయి. ఆ సంగతి మొదటే చెప్పాలి: "అరగంటలో నేనే మీకు ఫోన్ చేస్తాను, ఏ ఫోన్‌కు చేయాలి?" ఎవరో మళ్ళీ అడగబోతున్నారని తెలిసిన ఇల్లు చెప్పిన పని చేస్తుంది. భయంతో కాదు, తన బిడ్డ సంగతి ఇంకొకరికీ పట్టిందన్న ధైర్యంతో. ఆ అరగంట అయ్యాక బండి ఎర్రమంచి దాటి ఉంటుంది, లేదా బత్తలపల్లి రోడ్డెక్కి ఉంటుంది. ఫోన్ మోగుతుంది. పాప తల్లి ఒళ్ళో ఉంది, సీసా సంచీలో ఉంది. అవతలి గొంతు అడుగుతుంది: "ఎక్కడిదాకా వచ్చారమ్మా?"